మాణెమ్మ పెట్టిన మూకుడు

ముఖ్య అతిథిగా రమ్మని ఎవరైనా పిలిస్తే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, తర్వాత మొహమాటం అడ్డొస్తుంది, చివరికి వెళ్ళి ఆ శాలువా కప్పించుకుని కూర్చుంటాను. మొన్న దసరా ముందర కూడా అదే అయింది. మా కాలనీ సంఘం కార్యదర్శి కిరణ్ వచ్చాడు. ఫ్యాక్టరీలో ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి జహీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నవాడు. మంచి పిల్లాడే, కాకపోతే నోట్లోంచి మాట రాకముందే చేతిలో ఫోను పైకి లేస్తుంది. "మేడమ్, ఈ ఏడాది ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలకి దసరా కిట్లు ఇస్తున్నాం. మీ చేతుల మీదుగా జరగాలి" అన్నాడు. "నా చేతులు మీదికి లేవడం మానేసి చాలా కాలమైంది నాయనా, డాక్టర్నడుగు" అన్నాను. నవ్వేసి, కారు పంపిస్తానన్నాడు. బడిలో పాతికేళ్ళు పిల్లల్ని బెదిరించి బతికినదాన్ని, ఒక్క కుర్రాడికి వద్దని చెప్పలేకపోయాను.

ఫంక్షన్ హాల్లో వేదిక వెనక పెద్ద బ్యానరు, దాని నిండా దాతల ముఖాలు. పక్కన సంచుల వరస. ఒక్కో సంచిలో బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు, బెల్లం, పిల్లలకు ఒక జత బట్టలు. న్యాల్‌కల్ నుంచి, మొగుడంపల్లి నుంచి, కోహీర్ నుంచి తల్లులు పిల్లల్ని తీసుకుని వచ్చి వెనక కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు. పేరు పిలవగానే పిల్ల వేదికెక్కాలి, నేను సంచి ఇవ్వాలి, ఫోటోవాడు "సంచి జర పైకి వట్టు బిడ్డా, బ్యానర్ కనవడాలె" అనాలి. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దవాళ్ళు అనేవారు. ఇప్పుడు ఎడమచేతిలో ఫోనుంటుంది కాబట్టి తెలియక చస్తుందా! అలా కొందరు పిల్లలయ్యాక మంజుల అనే పిల్ల పైకొచ్చింది. ఐదో తరగతి చదువుతుందేమో. ఎదురుగా లేచిన ఫోన్లను చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "తీసుకో తల్లీ" అన్నాను. "వద్దు. ఇట్లయితే వద్దన్నది మా అమ్మ" అని, గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ళమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. "కొందరికి ఈగో మేడమ్, ఏం చేస్తాం" అన్నాడు కిరణ్ చిన్నబుచ్చుకుని. నాకు ఆ వెళ్ళిపోయిన మనిషి వీపులో మా అమ్మ కనిపించింది. మిగిలిన సంచులు ఎలా ఇచ్చానో నాకు గుర్తులేదు.

మేమూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళమే. మా నాన్న కృష్ణానది ఒడ్డునున్న ఊరొదిలి, ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. మాకు ఇల్లిచ్చినావిడ మాణెమ్మ. ముందు భాగమంతా వాళ్ళది, వెనక రెండు గదులు మావి, మధ్యలో గేదె కట్టేసినా ఇంకా చోటు మిగిలేంత వాకిలి. ఆవిడ భర్తను అందరూ పటేలనేవారు. ఆయన మాట్లాడగా నేను విన్నది బహు తక్కువ. ఆయన వాటా మాటలు కూడా మాణెమ్మే మాట్లాడేసేది. మొగుడంపల్లి వైపు వాళ్ళకు ఎర్రభూమి ఉండేది. అల్లం, ఆలుగడ్డ, చెరకు పండేవి. ముందు గదిలో అల్లం బస్తాలుండేవి, ఆ ఘాటు గోడలకు పట్టి, ఎండాకాలంలో కూడా పోయేది కాదు. మాకు తెల్లవారేది కోడికూతతో కాదు, మాణెమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడుతో. చప్పుడుకో తిట్టు చొప్పున గేదెను, జీతగాణ్ణి, పటేలును, పొగను, వరసగా అందరినీ తిట్టేది. ఆ తిట్లు వినపడని రోజున ఆవిడకు జ్వరమొచ్చిందని అర్థం.

మా నాన్న ఫ్యాక్టరీ నుంచి రాగానే చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని, ఆ మీదట సున్నిపిండితో రుద్దుకుని, తలకింత కొబ్బరినూనె రాసుకుని కూర్చునేవాడు. ఆ మూడు వాసనలు కలిస్తే నాన్న. ఆయనకు కాఫీ కావాలి. ఊరంతా చాయ్ తాగుతుంటే మా ఇంట్లో మాత్రం కాఫీ గింజలు వేగేవి. "ఏందే చెల్లె, ఇల్లు గాలవెట్టుకుంటున్నవా?" అని మాణెమ్మ వాకిట్లోంచి అరిచేది. మేం మూడు పూటలా అన్నం తినడం ఆవిడకు వింతల్లోకెల్లా వింత. "పొద్దుగాల బువ్వ, పగటీలి బువ్వ, రాత్రికి మల్ల బువ్వనేనా? రొట్టె తినకుంటే పోరగాండ్లకు బొక్కలల్ల బలమెట్లొస్తదే?" అంటూ నాకూ మా తమ్ముడు గోపికీ చెరో రొట్టె, దాని మీద ఇంత వెన్నముద్ద పెట్టేది. మా అమ్మ ఊరుకునే రకం కాదు. ఆ మధ్యాహ్నమే గిన్నెడు గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి ఇచ్చేది. "గీ పుంటికూరకు గింత నూనె పోస్తరా? మీ దేశంల నూనె వాగులల్ల పారుతదా?" అని వెక్కిరిస్తూనే మాణెమ్మ వేలితో గిన్నె నాకేసేది. మా అమ్మ ఆవిణ్ణి అక్కయ్యగారూ అనేది. మాకు ఆవిడ పెద్దమ్మ. రొట్టె వస్తే పచ్చడి వెళ్ళాలి, పచ్చడి వెళ్తే మజ్జిగ రావాలి. మా అమ్మ దగ్గర ఆ లెక్క ఏనాడూ తప్పలేదు. ఒకరి సొమ్ము ఊరికే తినడమంటే మా అమ్మకు ముల్లు మింగినంత పని.

నా పదో ఏట వానాకాలం మొదట్లో, రెండో షిఫ్టు నుంచి సైకిలు మీద వస్తున్న మా నాన్నను బొంబాయి రోడ్డు మీద లారీ గుద్దింది. దాని గురించి నేనింకేమీ రాయను, రాసి ఏడవడానికి ఈ వయసులో ఓపిక లేదు. కర్మకాండలయ్యాక మా మామయ్య మమ్మల్ని ఊరికి వచ్చెయ్యమన్నాడు. అమ్మ రానంది. మా మామయ్య అటు వెళ్ళాక మాతో అంది: "పండక్కి వెళ్తే ఆ ఇంటికి ఆడపడుచుని. బతకడానికి వెళ్తే వంటమనిషిని." ఫ్యాక్టరీవాళ్ళు క్యాంటీన్లో పని చూస్తామన్నారు, కాకపోతే దసరా వెళ్ళాక చెబుతామన్నారు. అందుకని ఆ దసరా దాటేదాకా జహీరాబాద్‌లో నిలబడటం, అదే అప్పుడు మా బతుకు. నిలబడాలంటే తలమీద కప్పుండాలి. మగదిక్కు లేని మనిషికి, పైగా ఏడాది మైల మోస్తున్న ఇంటికి, ఆ ఊళ్ళో కొత్తగా గది అద్దెకిచ్చే నాథుడెవడు? మాణెమ్మ గదులు పోతే ఇక బండెక్కడమే. ఆ సంగతి పదేళ్ళదాన్ని నాక్కూడా తెలుసు.

కానీ అమ్మ ఇంట్లో ఉండీ లేనట్టే అయిపోయింది. గంజి కాచేది, మాకు పోసేది, గోడకానుకుని కూర్చునేది. అడిగితే ఊఁ, అడగకపోతే అదీ లేదు. మాణెమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి మా గడపలో కూర్చుని, తమలపాకు నములుతూ, అంత మాటలపోగు మనిషీ ఒక్క మాట మాట్లాడకుండా కాసేపుండి లేచిపోయేది. ఏదైనా తెస్తే అమ్మ తీసుకునేది కాదు. తిరిగి ఇవ్వడానికి మా ఇంట్లో పచ్చడి లేదు కదా! బతుకమ్మ మొదలవగానే ఫ్యాక్టరీ క్లబ్బు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. దసరాకు బీదపిల్లలకు, తండ్రి లేని పిల్లలకు బట్టలు పంచుతున్నామనీ, సాయంత్రం పిల్లల్ని వేదిక దగ్గరికి పంపమనీ, పేరు పిలుస్తారనీ చెప్పారు. గోపిగాడి ముఖం చాటంతైంది. అమ్మ లేచి నిలబడింది. "మా పిల్లలకి తండ్రి లేడని మైకులో చెప్పక్కర్లేదండీ, మాకు తెలుసు" అంది. పాపం, ఆ ఆడవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. వాళ్ళు తలవంచుకుని వెళ్ళిపోయాక గోపి ఏడ్చాడు, వాడి ఏడుపు చూసి నేనూ ఏడ్చాను. అమ్మ మా ఇద్దరి తలలూ తన ఒళ్ళో పెట్టుకుంది కానీ మాట మార్చుకోలేదు.

బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి పొద్దున నేను లేచి చూసేసరికి మా గుమ్మం ముందు మాణెమ్మ ఇంటి జీతగాడు ఒక మూట దించి వెళ్తున్నాడు. అందులో నూనె డబ్బా, మినప్పప్పు, బెల్లం, నాకూ గోపికీ పూల గుడ్డ. చెప్పాపెట్టకుండా గుమ్మంలో పడేసి పోయిన ఆ మూటను చూస్తే అమ్మకు కళ్ళు ఎర్రబడ్డాయి. క్లబ్బువాళ్ళు కనీసం నోటితో అడిగారు, ఈవిడ అదీ లేకుండా గుమ్మంలో పారేయించింది అనుకుంది. పగలంతా ఆ మూటను చూస్తూ కూర్చుని, పొద్దు వాలే వేళకు దాన్ని ఎత్తుకుని వాకిలి దాటి, మాణెమ్మ ఇంటి గడప మీద పెట్టింది. నేను కొంగు పట్టుకుని వెనకే ఉన్నాను. అక్కడ చాపల నిండా తంగేడు, గునుగు పూలు. ఆడవాళ్ళంతా చేరి బతుకమ్మ పేరుస్తున్నారు. మధ్యలో పీట మీద మాణెమ్మ కోడలు, నెలలు నిండిన మనిషి, పూలు అందిస్తోంది. అమ్మ మూట దించగానే అందరి చేతులూ ఆగిపోయాయి. పటేలు తల్లి, ముసలావిడ, గుండె మీద చెయ్యేసుకుని అరిచింది: "ఓర్నాయనో! చావింటి మూట తెచ్చి పురుటింటి గడప మీద పెడ్తదా? అదీ సద్దుల నాడు? ఎంత కీడు, ఎంత కీడు!"

అమ్మకు ఆ ఆచారం తెలియదు. ఇక్కడ చావైన ఇంటినుంచి మొదటి పండుగ దాటకుండా ఒక వస్తువు ఇంకో ఇంటి గడప తొక్కకూడదట. తొక్కితే చావు దాని వెంట నడుస్తుందని వీళ్ళ భయం. అలాంటిది కడుపుతో ఉన్న పిల్ల కళ్ళెదుట! అమ్మ తెల్లబోయి నిలబడింది. మాణెమ్మ కోడల్ని రెక్క పట్టుకుని లేపి లోపలికి తీసుకుపోయింది. తలుపు వేసిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ఆ సాయంత్రం వీధిలో అందరూ పాడుతూ బతుకమ్మలు తీసుకుపోతుంటే, అమ్మ మా ట్రంకుపెట్టె తెరిచి బట్టలు మడతలు పెట్టింది. "ఆవిడ పొమ్మనకముందే పోవడం మర్యాద" అంది. బడి? అన్నాను. "అక్కడా ఉంటుందిలే బడి" అంది. వంటమనిషిగా బతకలేనన్న మనిషి ఆ మాటంటుంటే నేను నా పుస్తకాల సంచి తెచ్చి పెట్టె పక్కన పెట్టాను.

దసరా పొద్దున ఊళ్ళో డప్పులు మోగుతుండగా మా గుమ్మంలో మాణెమ్మ నిలబడింది. నెత్తిన పెద్ద నూనె మూకుడు, చంకలో అమ్మ తిరిగిచ్చిన మూట. వెనక కోడలు, ముఖం పాలిపోయి, నడుం మీద చెయ్యి పెట్టుకుని. అమ్మ ట్రంకుపెట్టె పక్కన నిలబడి "అక్కయ్యగారూ, నాకు తెలీక..." అని ఏదో మొదలుపెట్టింది. మాణెమ్మ పెట్టె వంక చూసింది, అమ్మ వంక చూసింది, ఇక అందుకుంది.

"ఏడికే పయనం? మీ అన్న ఇంట్ల అంట్లు తోమనీకా? నీకేమన్న బుద్ధున్నదా చెల్లె? సామాను ముందుగాల పంపుతరు, మనిషి ఎనక వస్తది, గింత ఎరుక లేదా? చావైన ఇంట్ల మీరు మూకుడు పెట్టొద్దు, మేమొచ్చి పెట్టాలె. మా నూనె, మా పిండి, మీ పొయ్యి. గదీ మా దిక్కు రివాజు. నేను నీకు దానం జేసిన్ననుకున్నవా? మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది నీ యవ్వారం! జరుగు, పొయ్యి ముట్టియ్యి."

అమ్మ జరగలేదు. కోడలి వంక చూస్తోంది. "ఈ అమ్మాయిని ఎందుకు తెచ్చారు? లోపలికి రానివ్వకండి. నిండు మనిషి, ఈ ఇంట్లో..." అంటూ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. మాణెమ్మ ఆ చెయ్యి తీసి పక్కకు పెట్టింది. "మా అత్త రాత్రంత ఏడ్సింది, కీడొచ్చెనని. కీడు పోవాలంటె ఏం జెయ్యాలె? మూట తెచ్చినోళ్ళ ఇంట్ల మేము తినాలె. మేమంటె నేనొక్కదాన్నా? ఎవలికి కీడని భయపడ్డమో ఆమెనే తినాలె. ఆమె తింటె ఇగ ఊళ్ళె ఎవ్వడు మాట్లాడడు, నిన్ను ఎవ్వడు ఎల్లగొట్టడు." కోడలు ఎడమకాలు ఎత్తబోయి, తడబడి, కుడికాలు లోపల పెట్టింది. అత్తకు భయపడి వచ్చిందా, అత్త మీద నమ్మకంతో వచ్చిందా, ఇప్పటికీ నాకు తెలియదు.

మాణెమ్మ మా పొయ్యి ముందు చతికిలబడి, నానబోసి తెచ్చిన పప్పు మా రోట్లో వేసి రుబ్బడం మొదలుపెట్టింది. చెంబెత్తి నీళ్ళు పోసింది. ఇంకొన్ని పోసింది. అమ్మ గోడ దగ్గర నుంచే చూస్తోంది. మరోసారి చెంబు ఎత్తేసరికి అమ్మ వల్ల కాలేదు. "అయ్యయ్యో, అక్కయ్యగారూ! గారెల పిండికి ఎవరైనా అన్ని నీళ్ళు పోస్తారా? నూనెంతా తాగేస్తుంది! లేవండి, ముందు మీరు లేవండి అక్కణ్ణుంచి!" అని రోటి దగ్గరికి వచ్చి ఆవిణ్ణి దాదాపు తోసేసింది. నాన్న పోయాక అమ్మ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. నేనూ గోపీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ఓయమ్మ, గారెలల్ల గూడ మీ దేశం పెద్దరికమే!" అని మాణెమ్మ మూతి తిప్పి పక్కకు జరిగింది. అమ్మ ఆ పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపి, ఆకు మీద తట్టి, చిల్లు పెట్టి నూనెలో వేసింది. నూనె చిటపటలు, వేగే గారెల వాసన మా రెండు గదుల్లో నిండింది. నాకు ఆకలేసింది. అన్నాళ్ళూ నాకు ఆకలి వేయడం లేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

మొదటి వాయి తీసి మాణెమ్మ తన కోడలి ముందు పెట్టింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మింగింది. కళ్ళు తెరిచి, "బాగున్నయత్తమ్మ" అంది. ఇంకోటి అడిగి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది మా అమ్మ, చేతికి పిండి ఉండగానే, మోచేత్తో ముఖం దాచుకుని, నాన్న పోయిన రోజున కూడా ఏడవనంతగా. మాణెమ్మ ఓదార్చలేదు. "నూనె మాడుతున్నది, ఏడ్సుకుంటనన్న తియ్యి" అంది. ఆ మధ్యాహ్నం వాకిట్లోకి పటేలు వచ్చాడు, ముసలావిడా గొణుక్కుంటూ వచ్చింది, అందరూ మా గుమ్మం ముందు కూర్చుని మా ఇంట్లో వేగిన గారెలు తిన్నారు. సాయంత్రం జమ్మి ఆకు నా చేతిలో, గోపిగాడి చేతిలో పెట్టి గుండెకు హత్తుకున్నది ఆ పటేలే. ట్రంకుపెట్టెలో బట్టలు మళ్ళీ దండెం మీదికి ఎక్కాయి.

కోడలు క్షేమంగా కని, ఆడపిల్లను ఎత్తుకుంది. అమ్మకు క్యాంటీన్లో పని దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే గారెలు వేసింది. ఇవన్నీ అయిన చాలా ఏళ్ళకు, నాకు టీచరు ఉద్యోగం వచ్చాక, ఒకనాడు మాణెమ్మను అడిగాను: "పెద్దమ్మా, ఆ రోజు నీకు భయం కాలేదా?" ఆవిడ తమలపాకు ఉమ్మేసి నా వంక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "కాకపోతె? నేనేమన్న రాయినా? కాన్పయ్యేదాక నిద్ర పట్టలే. పిల్లకు కడుపు నొస్తె సాలు, నేనే సంపిన్న అనుకున్న. మొక్కని దేవుడు లేడు." మరి ఎందుకు తీసుకొచ్చావు అంటే, "మీ అమ్మ పోతుండెగద బిడ్డా" అంది. నేను దానం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, ఒకటి రెండు ఇచ్చాను కూడా, సిగ్గులేకుండా. ఉన్నదాంట్లో మిగిలింది ఇవ్వడం మంచిదే. మాణెమ్మ మాత్రం తనకు పోతే మళ్ళీ రానిదాన్ని వెంటబెట్టుకుని మా గడప దాటింది. నా బతుకులో దానికి సాటి వచ్చేది నేను చూడలేదు, నేను చేయనూ లేదు.

అలాగని కిరణ్ కిట్లను ఎగతాళి చేయను. బియ్యం బియ్యమే, ఎవరిచ్చినా ఉడుకుతాయి. వేదిక మీద సంచి తీసుకున్న పిల్లలు ఆ రాత్రి కడుపునిండా తిన్నారంటే నాకు సంతోషమే. అప్పట్లో అందరూ దేవతలూ కారు, మా వీధిలోనే నాన్న పోయాక మమ్మల్ని చూసి తలుపు వేసుకున్న ఇళ్ళున్నాయి. కానీ అప్పుడు ఇవ్వాలంటే మనిషి రావాల్సి వచ్చేది. ఇప్పుడు సంచి వస్తోంది, మనిషి రావడం లేదు. ఆ మాటే దసరా ముందు రోజు కిరణ్‌కు ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఏం చేద్దాం మేడమ్?" అన్నాడు. "పప్పు నానబెడతాను. పొద్దున్నే కారు తీసుకురా. ఫోను కార్లో వదిలెయ్" అన్నాను.

కోహీర్ దాటి, చేలల్లోంచి మట్టిదారిలో వెళ్ళాలి మంజుల వాళ్ళ ఊరికి. రేకుల ఇల్లు, ఊడ్చిన వాకిలి, పండుగ అలికిడి లేదు. మంజుల వాళ్ళమ్మ పేరు లక్ష్మి. మమ్మల్ని చూడగానే ముఖం గట్టిబడింది. "మాకేమొద్దమ్మా. ఆ దినమే చెప్పిన గద" అంది. "ఇయ్యనీకి రాలే. మీ ఇంట్ల తినిపోదమని వచ్చిన. పొయ్యి ముట్టియ్యి" అన్నాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. కిరణ్ మూకుడు పట్టుకుని, ప్యాంటు నలుగుతుందని కూడా చూసుకోకుండా గడపలో నిలబడ్డాడు. అంత నీటైన కుర్రాడు అలా మసిమూకుడుతో నిలబడేసరికి మంజుల ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు లక్ష్మి పక్కకు జరిగింది. నా మోకాళ్ళు కింద కూర్చోనివ్వవు కనుక పీటేసుకుని నేను తట్టాను, లక్ష్మి వేయించింది. వాళ్ళు కింద, నేను పీట మీద కూర్చుని అందరం తిన్నాం. కిరణ్ ఆపకుండా తిన్నాడు. "మస్తు తింటడు సారు" అని మంజుల నా చెవిలో చెప్పింది. లక్ష్మి భర్త ఫోటో గూట్లో ఉంది. చెరకు బండి తిరగబడి పోయాడట. ఆ మాట చెబుతూ ఆవిడ వాయి మధ్యలో ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ వేయించింది.

పొద్దెక్కాక లేచాను. చావు ఇంటినుంచి బయల్దేరేటప్పుడు పోయొస్తానని చెప్పరు, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతారు. అటు కోస్తాలోనూ ఇంతే, ఇక్కడా ఇంతే. మళ్ళీ అలాంటి పని మీద ఆ ఇంటికి రావలసి వస్తుందేమోనని భయం. నేనూ ఆ అలవాటు చొప్పున చెంబుతో కాళ్ళ మీద ఇన్ని నీళ్ళు పోసుకుని, చెప్పులేసుకుని, ఏమీ అనకుండా వాకిట్లోకి దిగాను. వెనకనుంచి లక్ష్మి పిలిచింది.

"అమ్మా, పోయొస్త అని చెప్పి పోండ్రి."

ఆగిపోయాను. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది, నూనె చేతులు చీరకు తుడుచుకుంటూ. "ఆయన పోయినకాడికెల్లి మా ఇంటికి ఎందరో వచ్చిన్రు. ఒక్కరన్న గా మాట అంటలేరు. సప్పుడు జెయ్యక లేసి పోతున్రు. మల్ల వస్తలేరు."

కీడని నేర్పిన పెద్దవాళ్ళందరూ నా కళ్ళ ముందు మెదిలారు. వెనక్కి నడిచి, గడప దగ్గర నిలబడి, పక్కింటివాళ్ళకు కూడా వినపడేలా అన్నాను: "పోయొస్త లక్ష్మీ."

తల్లి వెనకనుంచి మంజుల తల బయటికి పెట్టి, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"ఎప్పుడు?" అంది.